నీళ్ళివ్వని మూడు దినాలు

మొన్న మధ్యాహ్నం బస్తీ దవాఖానా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో తాడుకు కార్డు, చేతిలో పెద్ద ఫోను. ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బులున్నాయో, ఆ ఇంట్లో మునుపు పోయినవాళ్ళు దేనివల్ల పోయారో ఎక్కించుకుంటున్నారట. నేను అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. చేతులు ఆపకుండానే చెబుతూ పోయాను. మా మామకు పక్షవాతం, మా అత్తమ్మకు చక్కెర జబ్బుతో కాలు కుళ్ళింది, మా ఆయనకు గుండె. ఆ పిల్ల ఒక్కొక్కదానికీ వేలితో గడి నొక్కుతూ, చిన్నపిల్లలెవరైనా పోయారా అని అడిగింది. ఒక ఆడపిల్ల పోయింది, మూడేళ్ళది, అన్నాను. దేనివల్ల అంది. వాంతులు, విరేచనాలు అన్నాను. గడి నొక్కింది. "అప్పట్ల మస్తు మంది పిల్లలు గట్లనే పోయేటోళ్ళంట గదా అమ్మమ్మా" అని నవ్వుమొహంతోనే అని పక్కింటికి పోయింది.

ఆమె తప్పేమీ లేదు. నేను చెప్పిందే రాసుకుంది, నేను చెప్పిందీ అబద్ధం కాదు. కానీ అది సగమే. మిగిలిన సగం ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. నా ఈడు ఆడవాళ్ళు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. మూడో తరగతితో ఆగిపోయిన చెయ్యి, అక్షరాలు వంకరగా వస్తే మన్నించండి.

నాది ఘట్‌కేసర్ దిక్కున చిన్న ఊరు. నాచారానికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేనేళ్ళు నిండలేదు. అప్పటి నాచారం అంటే జొన్నచేలు, సీతాఫలం తుప్పలు, వాటి నడుమ రెండు మూడు వాడలు, చేల మధ్యలో అప్పుడప్పుడే లేస్తున్న కార్ఖానాల రేకు కప్పులు. మా ఆయనా మా మరిదీ ఒకే కార్ఖానాలో మెషీన్ల మీద పనిచేసేవాళ్ళు. ఉప్పల్ చౌరస్తా దాకా నడిస్తేగాని బస్సు లేదు, బస్సు దొరికితేగాని పెద్ద దవాఖానా లేదు. అందుకని దవాఖానా అనేది మాకు మనిషి ఇక దక్కడని తేలాక మోసుకుపోయే చోటు. అంత ఆలస్యంగా తీసుకుపోతున్నాం గనకే అక్కడికి పోయినవాళ్ళు తిరిగి రావడం లేదని మాలో ఒక్కరికీ తట్టలేదు, దవాఖానానే మనుషుల్ని మింగుతుందని నమ్మేవాళ్ళం.

మా అత్తమ్మ గట్టి మనిషి. నేను వచ్చిన ఆరు నెలలకే తన నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి నా నడుముకు దోపింది, ఎందుకంటే నేనూ గట్టిదాన్నే. సబ్బు అరిగి బిళ్ళయితే దాన్ని కొత్త సబ్బుకు అతికించేదాన్ని. ఒక పొయ్యి ముట్టించిన అగ్గిపుల్ల ఆరకముందే రెండో పొయ్యి దగ్గరికి పరుగెత్తేదాన్ని. బెల్లం కుండలో బెల్లం ఎక్కడిదాకా ఉందో లోపలి వైపు బొగ్గుతో గీత గీసేదాన్ని. ఇప్పటికీ అంతే, మా మనవరాలు చూసి నవ్వుతుంది, నవ్వనీ. ఎవరు ఏడ్చినా నేను కరగనని వాడలో నాకు పేరుండేది. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ కాలంలో చావులు ఎక్కువ, వాటికి పేర్లు తక్కువ. వాన పడగానే గత్తర, ఇప్పుడు కలరా అంటారే అది, వచ్చేది, ఎండలు ముదరగానే ఒంటి మీద తల్లి పోసేది. దగ్గి దగ్గి రక్తం కక్కేవాళ్ళను ఊరి చివర గుడిసెలో పెట్టి గిన్నె దూరంగా జరిపేవాళ్ళం. పుట్టిన వారానికి నోరు బిగుసుకుని విల్లులా వంగి పోయే పసికందులకు గాలి తగిలిందనేవాళ్ళం. గడ్డి కోసిన కొడవలితోనే బొడ్డు కోసి బూడిద అద్దిందీ మేమే. చిన్నపిల్లలు పోతే పెద్దగా ఏడ్చే ఆనవాయితీ కూడా లేదు. తల్లి ఏడుస్తుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు, నీకు కడుపు లేదా, చేను లేదా, మళ్ళీ పండదా అని కసిరి చేతికి చాట ఇచ్చేవాళ్ళు. నేనూ ఇచ్చాను, ఇద్దరు ముగ్గురికి.

మా నీళ్ళ బావి చెరువు దిగువన ఉండేది. మొదటి వానలకు చేల మీది నీళ్ళు, వాడంతా చెంబులు పట్టుకుని పోయే తుప్పల మీది నీళ్ళు, అన్నీ పారి వచ్చి ఆ బావిలోనే దిగేవి. ఆ నీళ్ళు తోడి నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, ఎర్రరంగు పోయింది గనక శుభ్రమైపోయాయని మురిసేవాళ్ళం.

ఇక మా తోటికోడలు. మా దగ్గర యారాలు అంటాం. రామంతాపూర్ పిల్ల, నాకంటే రెండేళ్ళు చిన్నది. ఒట్టి మెత్తటిది. ఇంట్లో కోడిని కోస్తుంటే గొడ్ల కొట్టంలోకి పోయి చెవులు మూసుకునేది. "గీమెను పొయ్యి కాడ కూసోబెట్టకుండ్రి, మైనం లెక్క కరుగుతది" అని మా అత్తమ్మ అంటే అందరూ నవ్వేవాళ్ళు, అందరికంటే పెద్దగా నేను నవ్వేదాన్ని. నా కూతురికి మూడేళ్ళు, ఆమె కొడుకుకి రెండు దాటాయి. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు, ఒకే బొంత మీద దొర్లేవాళ్ళు. వాడికింకా మాటలు రాలేదు. నా బిడ్డ మాత్రం గలగలా మాట్లాడేది. దానికీ మాటలు రాకుండా ఉంటే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. ఒక పొద్దున ఇద్దరు పిల్లలకూ ఒకేసారి మొదలైంది, పైనా కిందా. మా అత్తమ్మ వెంటనే పక్క వాడ ముసలమ్మను పిలిపించింది. ఆమె గాజుముక్క కాల్చి ఇద్దరి పొట్టల మీదా బొడ్డు చుట్టూ నాలుగేసి సురకలు పెట్టింది. నా బిడ్డ కాళ్ళు నేనే పట్టుకున్నాను. ఆ తరువాత మా అత్తమ్మ ఇంటి కట్టు చెప్పింది: ఇక పిల్లల నోట్లో నీటిచుక్క పడరాదు, గంజి పడరాదు. కడుపులో పోసిందంతా కిందికే పోతోంది గనక పొయ్యడం ఆపితే పోవడమూ ఆగుతుంది, పేగు ఎండితే కట్టుకుంటుంది. ఆమెకు వాళ్ళత్త చెప్పింది, వాళ్ళత్తకు ఇంకెవరో. మాకందరికీ అది చిల్లికుండ లెక్కలా సూటిగా కనిపించింది. నీళ్ళబిందెలన్నీ లోపలి అర్రలోకి చేర్చి గొళ్ళెం పెట్టి, గుమ్మంలో నన్ను కూర్చోబెట్టింది. మైనం బొమ్మను నమ్మలేను, నువ్వయితే నిలబడతావు అంది. నాకు గొప్పగా అనిపించింది.

మొదటి రోజంతా నా బిడ్డ అడిగింది. అమ్మా నీళ్ళు, అమ్మా జరన్ని నీళ్ళు, అమ్మా సల్లటి నీళ్ళు. నేను తడిగుడ్డతో పెదాలు అద్దేదాన్ని. అది గుడ్డను పళ్ళతో పట్టి చీకబోతే లాగేసేదాన్ని. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. ఇంటి చుట్టూ నీళ్ళు, చూరు నుంచి ధారలు, వాకిట్లో వరద. నేను పొయ్యి వైపు తిరిగిన క్షణంలో అది పాక్కుంటూ గడప దాకా పోయి చూరు కింద అరచెయ్యి చాచింది. అరచేతిలో పడిన నీళ్ళు నోటి దాకా తెచ్చుకుంటుండగా నేను చూశాను. చెయ్యి విదిలించి, నీళ్ళు పారబోసి, దాన్ని లోపలికి ఈడ్చి తలుపు మూశాను. తలుపు మూసినా వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆ చప్పుడు వైపే చెవి పెట్టి పడుకుంది.

రెండో రోజు పొద్దున బెల్లం కుండ మూత తీస్తే బెల్లం గీత కంటే కిందికి పోయి ఉంది. జబ్బుపిల్లలున్న ఇంట్లో నాకు మొదట కనిపించింది అదీ. ఎవరు తీశారో తేల్చాలని వెతుక్కుంటూ పోతే గొడ్ల కొట్టంలో గడ్డివాము చాటున మా యారాలు కొడుకును ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పక్కన ఇత్తడి గిన్నెలో పల్చటి గంజి, అందులో ఉప్పు, నా బెల్లం. చెంచాతో కొద్దికొద్దిగా పోస్తోంది. వాడు కక్కితే మూతి తుడిచి మళ్ళీ పోస్తోంది. నన్ను చూసి గిన్నెను కొంగు కింద దాచుకుంది.

నేను గిన్నె లాక్కుని కుడితి గాబులో కుమ్మరించాను. అత్తమ్మను పిలిచి చూపించాను. మరిది కార్ఖానాకు బయలుదేరుతున్నవాడు వెనక్కి వచ్చి భార్యను చెంప మీద రెండు వేశాడు. ఆమె ఏడవలేదు, నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా, నీ బిడ్డకు గూడ రెండు చెంచాలు పొయ్యక్కా. నోరు సూడు, ఎట్ల పిడచకట్టుకపోయిందో. నీ కాళ్ళు మొక్కుత."

"నీ కొడుకును నువ్వు సంపుకో. నా బిడ్డ జోలికొస్తే బాగుండదు."

ఈ మాటలు నావి. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

మగవాళ్ళు పనికి పోగానే ఆమె కొడుకును చంకనేసుకుని, నెత్తిన గోనెసంచి కప్పుకుని, ఆ వానలోనే రామంతాపూర్‌లో తల్లిగారింటికి నడిచి పోయింది. హబ్సిగూడ దిక్కుగా తోవంతా బురద. పోనీ, తోవలోనే పోతాడు పిలగాడు, అప్పుడు తెలుస్తుంది దానికి, అంది మా అత్తమ్మ. నేను తలూపాను.

మూడో రోజు పొద్దుటికి నా బిడ్డకు విరేచనాలు ఆగిపోయాయి. "సూసినవా కోడలా, కట్టుకున్నయి" అని అత్తమ్మ నా తల నిమిరింది. ఆమె నా తల నిమిరింది ఆ ఒక్కసారే. నేను నిజంగానే సంతోషించాను. బిడ్డ ఏడుపు కూడా ఆపింది గనక నెమ్మది పడిందనుకున్నాను. ఏడ్చినప్పుడు కన్నీళ్ళు రావడం లేదని ముందు రోజే చూశాను, అది కూడా మంచి గుర్తే అనుకున్నాను. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద సురకల పక్కన చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఏం మాటో నాకు తెలుసు. గొళ్ళెం నా వీపు వెనకే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. నేను చాచలేదు. ఇంతదాకా నిలబడి చివర్లో ఓడిపోతే అత్తమ్మ ఏమంటుందో అనుకున్నాను. మధ్యాహ్నం కార్ఖానా కూత వేసే వేళకు అది నా ఒళ్ళోనే పోయింది.

నా చేతికీ ఎవరో చాట ఇచ్చారు. బియ్యం చెరిగాను.

తొమ్మిది దినాలకు మా యారాలు తిరిగి వచ్చింది. చంకలో కొడుకు. సన్నబడ్డాడు కానీ కళ్ళలో వెలుగుంది, ఆమె ముక్కుపుల్ల పట్టుకుని గుంజుతున్నాడు. నా సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. వాకిట్లో నిలబడి అక్కా అని నోరు తెరిచేలోపే నేను తలుపేశాను. ఇక అక్కడి నుంచి నేను చేసింది చెబితే మీరు నన్ను మనిషనరు. నా బిడ్డను మింగి వాళ్ళ పిలగాడు బతికాడని వాడంతా చెప్పాను. కట్టు తప్పింది వాళ్ళు, దండన నా బిడ్డకు పడిందన్నాను. బావి దగ్గర ఆమె బిందె ముట్టిన తాడును కడిగి వాడుకునేదాన్ని. ఎదిగే పిల్లవాణ్ని చూసి ఆడవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. అలా జరగడం వాళ్ళకు నేర్పింది నేను. ఆమె ఒక్కసారీ తిరిగి అనలేదు. "నేను పోసిన్నక్కా, నువ్వు పొయ్యలే" అని ఒక్క మాట అంటే చాలు, నా నోరు అక్కడే పడిపోయేది. అనలేదు. రెండేళ్ళకు వేరుపడి వాళ్ళు ఉప్పల్‌లో ఇల్లు చూసుకుని పోయారు. నాకు తరువాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు. అత్తమ్మ ఆ బిడ్డ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు, అదీ మంచిదే అనుకున్నాను.

పదేళ్ళు దాటాక, కార్ఖానా పనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళను పిలిచి ఒక నర్సమ్మ మాటలు చెప్పింది. కోస్తా వైపు మనిషి, నడివయసు, గొంతు కరుకు. ఇద్దరి మగవాళ్ళదీ ఒకే కార్ఖానా గనక మా యారాలు కూడా ఉప్పల్ నుంచి వచ్చింది. నేను ముందు వరుసలో, ఆమె గోడ పక్కన. నర్సమ్మ ఒక గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు, ఇంత బెల్లం వేసి కలిపి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఇదే మందు, కక్కినా సరే పోస్తూనే ఉండాలి అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, లేచి అడిగాను.

"నీళ్ళు పోస్తే నీళ్ళే పోతయి గదమ్మా? ఆపితే కట్టుకుంటది గద?"

"కట్టుకోవడం కాదమ్మా అది. లోపల ఇక పోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట. విరేచనాలు తగ్గాయని మీరు సంబరపడుతూ ఉంటారు, పిల్ల ఎండిపోయి చచ్చిపోతుంది. రోగం చంపేది కొంత, మీరు చంపేది కొంత."

ఆమెకు నా సంగతి తెలియదు. వంద మందికి చెప్పినట్టే చెప్పింది. నేను కూర్చున్నాను. గోడ పక్కకు చూడకూడదనుకుంటూనే చూశాను. మా యారాలు తల వంచుకుని చాప ఈనెలు గోటితో గిల్లుతోంది. అక్కడున్న ఆడవాళ్ళలో పాతవాళ్ళు కొందరు ఆమె వైపూ నా వైపూ చూశారు. ఆమె మాత్రం నా ముఖం చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే ఆమె కాళ్ళ మీద పడేదాన్నేమో. లేదు, పడేదాన్ని కాదు. నన్ను నేను ఎరుగుదును. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించాను.

ఇప్పుడు మా నాచారంలో గత్తర లేదు, తల్లి పొయ్యడం లేదు, విల్లులా వంగే పసికందులు లేరు. చెరువు దిగువ బావిని పూడ్చి దాని మీద నాలుగంతస్తులు లేపారు. ఈ కాలపు చావులు నిదానమైనవి. ఏళ్ళ తరబడి గోలీలు మింగి, సూదులు పొడిపించుకుని, పొడుగాటి పేర్లున్న జబ్బులతో ముసలితనం దాకా వచ్చి పోతున్నారు. మా యారాలికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఉప్పల్‌లో మెషీను మీద రక్తం కడిగిస్తారు. రోజుకు ఇన్ని నీళ్ళే, అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆమె దాహానికి తాళలేక కుళాయి దగ్గరికి పాకుతోందట, తడిబట్ట చీకుతోందట.

కిందటి నెల ఆమె కొడుకు నా దగ్గరికి వచ్చాడు. అవును, వాడే, తల సగం నెరిసింది. వాళ్ళమ్మ వాడికి ఏనాడూ ఏమీ చెప్పలేదు. వాడకట్టు వాళ్ళు ఎందుకు పక్కకు జరిగేవాళ్ళో వాడు ఇప్పటికీ ఎరగడు.

"పెద్దమ్మా, అమ్మ మా మాట ఇంటలేదు. మేం డ్యూటీలకు పోతే ఎవరో ఒకర్ని బతిమాలి నీళ్ళు తాగుతది. నువ్వయితే గట్టిదానివి. పగటి పూట జర నువ్వు కూసోరాదు?"

పోయాను. ఆటో ఎక్కి రోజూ పోతున్నాను. కొలత గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు నా చేతికిచ్చారు, ఏ వేళకు ఎంతో కాగితం మీద రాసి గోడకు అంటించారు. మొదటి రోజు మూడింటి వేళ ఆమె పెదాలు తడుపుకుంటూ నీళ్ళసీసా వైపు చూస్తూ పడుకుంది. ఇంకా గంట ఉందే పిల్లా, అన్నాను. ఆమె నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"నిన్నడుగుతలేనక్కా. నువ్వియ్యవని నాకెర్కే."

కోపంగా అనలేదు. ఇన్ని దశాబ్దాల్లో ఆ సంగతి మీద ఆమె నోటి నుంచి వచ్చింది అదొక్కటే, ఆ తరువాత కళ్ళు మూసుకుంది. నేను ఇవ్వలేదు. ఈసారి ఇవ్వకపోవడమే మందు. గంట అయ్యాక గీత దాకా పోసి, తల ఎత్తి పట్టి తాగించాను.

మా కాలంలో మాకు తెలియదు, చదువు లేదు, చెప్పేవాళ్ళు లేరు అని మన ఈడు వాళ్ళం చెప్పుకుని ఊరడిల్లుతాం. నేనూ చాలాకాలం అలాగే ఊరడిల్లాను. ఇప్పుడు నీళ్ళు కాచాలని, చేతులు కడగాలని బడిపిల్లలకు కూడా తెలుసు, మంచిదే. కానీ ఆ వానలో గడ్డివాము చాటున కూర్చున్న ఆ పిల్లకు ఏం తెలుసు? నాకంటే తక్కువ తెలుసు, ఆమె బడి గడప కూడా తొక్కలేదు. నీళ్ళు పోస్తే కొడుకు చస్తాడనే ఆమె కూడా నమ్మింది. నమ్మి, భయపడుతూ, దొంగతనంగా పోసింది, వాడి ఏడుపు వినలేక. నా బిడ్డ మూడు దినాలు మాటలతో అడిగింది, నేను వినగలిగాను.